పెళ్లి క్యాసెట్టులో ఆ అడ్డగీతలు ఎక్కడివి? క్యామ్‌కార్డర్ వీడియో మీద తరచుగా అడిగే ప్రశ్నలు

మినీడీవీ టేపు మీద తీసిన పెళ్లి, ఒడుగు, పిల్లల మొదటి పుట్టినరోజు ఇప్పుడు కంప్యూటర్లోకి ఎక్కించుకుంటున్నవాళ్లు ముందుగా అడిగేది గీతల గురించే. చుట్టాలవీ స్నేహితులవీ టేపులు ఎక్కిస్తూ నేను మళ్లీ మళ్లీ విన్న ప్రశ్నలివి. మన దగ్గర తీసినవి దాదాపు అన్నీ పాల్ అనే టీవీ ప్రసార పద్ధతిలోవి కాబట్టి లెక్కలన్నీ పాల్ ప్రకారమే చెప్పాను. అమెరికా నుంచి వచ్చిన టేపులు ఎన్‌టీఎస్‌సీ అనే వేరే పద్ధతిలోవి, వాటి సంగతి విడిగా ఉంది.

టీవీలో బాగానే కనిపించిన వీడియో కంప్యూటర్లో గీతలు గీతలుగా ఎందుకుంది?

తలంబ్రాలు పోసే ఘట్టం దగ్గర వీడియో ఆపి చూడండి. మండపం స్తంభాలు, వెనక కట్టిన తెర, కుర్చీల్లో కూర్చున్న పెద్దవాళ్లు అంతా శుభ్రంగా ఉంటారు. పైకి లేచిన చేతుల అంచులు మాత్రం దువ్వెన పళ్లలా విడిపోయి ఉంటాయి. గాల్లో ఉన్న బియ్యపు గింజ ఒక్కటే అయినా పక్కపక్కన రెండు చోట్ల, గీత విడిచి గీతగా కనిపిస్తుంది. కదలనిది బాగుంది, కదిలింది విడిపోయింది. జవాబంతా ఇందులోనే ఉంది.

పాల్ వీడియోలో ఒక ఫ్రేముకి 576 అడ్డగీతలు. క్యామ్‌కార్డర్ వాటిని ఒకేసారి తీయదు. బేసి గీతలన్నీ ఒక క్షణంలో, సరి గీతలన్నీ సెకనులో 50వ వంతు తేడాతో ఇంకో క్షణంలో తీస్తుంది. ఆ ఒక్కో సగాన్ని ఫీల్డు అంటారు. రెండు చేతుల వేళ్లు ఒకదానిలో ఒకటి జొనిపినట్టు ఆ రెండు ఫీల్డులనీ కలిపి ఒక ఫ్రేముగా టేపు మీద రాస్తుంది. దీన్నే ఇంటర్‌లేసింగ్ అంటారు. సెకనుకి 25 ఫ్రేములు, అంటే 50 ఫీల్డులు. ఆ 50వ వంతు సెకనులో చెయ్యి కాస్త జరిగింది. సరి గీతల్లో ఒకచోట, బేసి గీతల్లో ఇంకోచోట పడింది. పాత డబ్బా టీవీ వాటిని తీసిన వరుసలోనే ఒకదాని తర్వాత ఒకటి చూపించేది కాబట్టి కంటికి తెలిసేది కాదు. కంప్యూటర్ తెర, ఫోన్ తెర అన్ని గీతలనీ ఒకేసారి చూపిస్తాయి. అందుకే పళ్లు బయటపడతాయి.

అంటే టేపు పాడైనట్టా?

కాదు. టేపు బాగున్నందుకే ఆ గీతలు అంత స్పష్టంగా కనిపిస్తున్నాయి.

నిజంగా పాడైన టేపు వేరేగా ఉంటుంది. బొమ్మలో చిన్న చిన్న చదరాలు మెరిసి మాయమవుతుంటే అది టేపు మీద పొర దెబ్బతిన్న చోటు. బొమ్మ అడ్డంగా వెడల్పాటి పట్టీలుగా విడిపోయి ఒక పట్టీ కదులుతూ దాని పక్కది బిగుసుకుపోయి ఉంటే, క్యామ్‌కార్డర్ హెడ్లలో ఒకదానికి మురికి పట్టింది. క్లీనింగ్ క్యాసెట్టు పది సెకన్లు తిప్పి మళ్లీ చూడండి. ఇంటర్‌లేసింగ్ గీతలు సన్నగా, ఒక పిక్సెల్ ఎత్తులో, కదిలే వస్తువు అంచున మాత్రమే ఉంటాయి. కెమెరా పక్కకి తిప్పినప్పుడు బొమ్మంతా కదులుతుంది కాబట్టి అప్పుడు తెరంతా కనిపిస్తాయి.

అసలు ఇలా రెండు ముక్కలుగా తీయడం ఎందుకు మొదలెట్టారు?

డబ్బా టీవీ తెర మీద వెలుగు వెంటనే ఆరిపోతుంది. సెకనుకి 25 సార్లే వెలిగిస్తే కళ్లు చెదిరేలా మిణుకుమంటుంది. 50 సార్లు పూర్తి బొమ్మ పంపాలంటే ప్రసారానికి రెట్టింపు బ్యాండ్‌విడ్త్ కావాలి. సగం గీతలు ఒకసారి, మిగతా సగం ఇంకోసారి పంపితే, అదే బ్యాండ్‌విడ్త్‌లో తెర 50 సార్లు వెలుగుతుంది. ఈ ఆలోచనకి జర్మనీలో టెలిఫుంకెన్ ఇంజనీరు ఫ్రిట్జ్ ష్రోటర్ 1930లో పేటెంట్ వేశాడు. తర్వాత అమెరికాలో ఆర్‌సీఏకి చెందిన రాండల్ బల్లార్డ్ అదే దారిలో నడిచాడు. 1936లో లండన్ నుంచి బీబీసీ మొదలెట్టిన 405 గీతల ప్రసారం ఇంటర్‌లేస్డే. మన దూరదర్శన్ 625 గీతల పాల్ కూడా అంతే. 1995లో డిజిటల్ మినీడీవీ వచ్చేనాటికి ఇళ్లలో ఉన్నవన్నీ అవే టీవీలు, కాబట్టి ఆ పద్ధతే దానిలోకీ వచ్చింది.

ఆ రోజుల్లో అది మంచి ఉపాయం. తెరలు మారాక మనకి ఇబ్బంది వచ్చింది.

నా ఫైలు ఇంటర్‌లేస్డో కాదో ఎలా తేల్చుకోవాలి?

మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిస్తే స్కాన్ టైప్ దగ్గర రాసి ఉంటుంది. కానీ అది ఫైలు మీద అంటించిన చీటీని చదివి చెబుతుంది, అంతే. లోపల సరుకు వేరే ఉండొచ్చు. ప్రోగ్రెసివ్ (అంటే గీతలన్నీ ఒకేసారి తీసినది) అని చీటీ ఉండి లోపల నిండా దువ్వెన పళ్లున్న ఫైళ్లు నేను చాలా చూశాను. కాబట్టి ఎవరో నడుస్తున్న చోటుకి వెళ్లి, ప్లేయర్లో డీఇంటర్లేసింగ్ (ఆ గీతలు తీసేసే పని) ఆపేసి, ఒక్కో ఫ్రేమూ జరుపుతూ కళ్లతో చూడండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి ఐడెట్ అనే ఫిల్టర్ ఉంది. అది బొమ్మల్నే చూసి ఎన్ని ఫ్రేములు ఇంటర్‌లేస్డో లెక్క చెబుతుంది.

ఊరికే చూసుకోవడానికైతే ఏం చెయ్యాలి?

ఫైలుని ముట్టుకోకండి. వీఎల్‌సీలో వీడియో మెనూలో డీఇంటర్లేస్ ఆన్ చేసి, మోడ్ దగ్గర యాడిఫ్ 2ఎక్స్ ఎంచుకోండి. గీతలు పోతాయి, కదలిక కూడా టేపులో ఉన్నంత సాఫీగా వస్తుంది.

డీఇంటర్లేసింగ్ పద్ధతుల్లో ఏది మంచిది?

ఒక్కో పద్ధతి ఏం పోగొడుతుందో తెలిస్తే ఎంచుకోవడం తేలిక.

అన్నిటికన్నా తేలికైనది ఒక ఫీల్డు పారేసి, మిగిలిన దాన్నే నిలువుగా సాగదీయడం. గీతలు పోతాయి, వాటితోపాటు సగం వీడియో కూడా పోతుంది. 576 గీతల్లో 288 మిగులుతాయి. పట్టుచీర అంచులో నేత, శుభలేఖ మీద అక్షరాలు మెట్లుమెట్లుగా మారతాయి.

రెండోది బ్లెండ్. రెండు ఫీల్డులనీ కలిపేసి ఒక బొమ్మ చేస్తుంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. చెయ్యి కదిలితే రెండు చేతులు పలచగా దయ్యంలా కనిపిస్తాయి. గీతలు కనిపించవు కాబట్టి చేసినవాళ్లు బాగుందనుకుంటారు. కానీ వేర్వేరు క్షణాల్ని ముద్ద చేశాక వాటిని విడదీయడం అయ్యే పని కాదు.

మూడోది బాబ్. ప్రతి ఫీల్డునీ ఒక పూర్తి ఫ్రేముగా సాగదీస్తుంది. సెకనుకి 50 ఫ్రేములు వస్తాయి, కదలిక చక్కగా ఉంటుంది. కానీ కదలని వస్తువులు కూడా కాస్త పైకీ కిందికీ వణుకుతాయి.

నాలుగో రకం కదలికని చూసి నడుచుకునేవి. కదలనిచోట రెండు ఫీల్డులనీ అలాగే ఉంచి, కదిలినచోట మాత్రమే లేని గీతల్ని పక్క గీతల్నిబట్టి అంచనా వేస్తాయి. యాడిఫ్, దాని తర్వాత వచ్చిన బీడబ్ల్యూడిఫ్ ఈ రకం. రోజువారీ పనికి ఇవి చాలు.

అన్నిటికన్నా పైన క్యూటీజీఎంసీ ఉంది. ముందు వెనక ఫ్రేముల్లో ఏది ఎటు కదిలిందో వెతికి, అక్కడినుంచి నిజమైన వివరాలు తెచ్చి ఖాళీలు పూరిస్తుంది. వణుకు తగ్గుతుంది, మసకచీకట్లో బొమ్మ మీద చుక్కలు చుక్కలుగా వచ్చే గరగర కూడా తగ్గుతుంది. జరీ అంచులు పాత టీవీలో చూసినా మిలమిలమని మినుకుతుంటాయి కదా, అది కూడా ఇందులో నెమ్మదిస్తుంది. దీని ధర సమయం. పాత కంప్యూటర్ మీద గంట టేపుకి రాత్రంతా పడుతుంది. పడనివ్వండి. పెళ్లి టేపు ఒక్కసారే కదా ఎక్కించేది.

సెకనుకి 25 ఫ్రేములు చెయ్యాలా, 50 చెయ్యాలా?

50. ఈ పేజీలో ఒక్క జవాబే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి.

టేపులో ఉన్నవి సెకనుకి 50 వేర్వేరు క్షణాలు. 25 ఫ్రేములు చేస్తే కదలికలో సగం క్షణాల్ని వదిలేసినట్టే. పాత వీడియోలకి ఉండే ఆ సాఫీ కదలిక, మనిషి పక్కనే నడుస్తున్నట్టుండే భావం ఆ 50లోనే ఉంది. కోలాటం, సన్నాయి ఊదేవాళ్ల వేళ్లు, పందిట్లో పరుగెత్తే పిల్లలు 25లో తెగి తెగి కదులుతారు. చాలా సాఫ్ట్‌వేర్లు అడగకుండానే 25 చేస్తాయి. అందుకే సెట్టింగు మీరే చూసి మార్చాలి.

50 చేస్తే ఇంకో లాభం కూడా ఉంది. తలంబ్రాల ఘట్టాన్ని సగం వేగంతో చూపించాలంటే 50 ఫ్రేముల్ని 25 చొప్పున నడిపిస్తే చాలు. కంప్యూటర్ కల్పించిన ఫ్రేము ఒక్కటీ అక్కర్లేకుండా నిజమైన స్లో మోషన్ వస్తుంది.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? సెట్టింగులు ఏమిటి?

మొదటిసారి చేస్తున్నవాళ్లకి హ్యాండ్‌బ్రేక్. ఫిల్టర్స్ ట్యాబులో డీఇంటర్లేస్ దగ్గర బీడబ్ల్యూడిఫ్ గానీ యాడిఫ్ గానీ ఎంచుకుని, దాని ప్రీసెట్ బాబ్ అని పెట్టండి. తర్వాత వీడియో ట్యాబులో ఫ్రేమ్ రేట్ 50, కాన్‌స్టంట్ అని పెట్టాలి. ఇది మర్చిపోతే 30కి పరిమితం చేసే ప్రీసెట్ ఏదైనా మీరు సంపాదించిన అదనపు ఫ్రేముల్ని మళ్లీ పారేస్తుంది, కదలిక కుంటుతుంది. హెచ్264 అనే కుదింపు పద్ధతిలో నాణ్యత అంకె 16 నుంచి 18 మధ్య ఉంచుతాను. టేపు వీడియోలో గరగర ఎక్కువ కాబట్టి ఇంకా పొదుపు చేస్తే ముఖాలు మైనపు బొమ్మల్లా అవుతాయి.

ఎఫ్ఎఫ్ఎంపెగ్ అలవాటున్నవాళ్లకి యాడిఫ్ ఫిల్టర్‌లో మోడ్ 1 అంటే ఫీల్డుకి ఒక ఫ్రేము, మోడ్ 0 అంటే రెండు ఫీల్డులకి ఒక ఫ్రేము. మనకి కావాల్సింది 1.

క్యూటీజీఎంసీ అవీసింత్, వేపర్‌సింత్ అనే స్క్రిప్టు సాఫ్ట్‌వేర్లలో నడుస్తుంది. స్క్రిప్టులంటే బెరుకుగా ఉంటే హైబ్రిడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో బటన్లు నొక్కి చేసుకోవచ్చు. ముందు రెండు నిమిషాల ముక్క మీద చేసి చూడండి. ఆ ముక్కలో కచ్చితంగా ఎవరో కదులుతూ ఉండాలి.

గీతలు పోయాయి, కానీ మనుషులు రెండడుగులు ముందుకీ ఒకడుగు వెనక్కీ వేస్తున్నట్టు గిలగిలలాడుతున్నారు. ఏం జరిగింది?

ఫీల్డు వరుస తిరగబడింది. రెండు ఫీల్డుల్లో ఏది ముందు జరిగిందో సాఫ్ట్‌వేర్‌కి తప్పుగా చెప్పారు. అది తర్వాత క్షణాన్ని ముందు, ముందు క్షణాన్ని తర్వాత చూపిస్తోంది.

మినీడీవీ టేపులో కింది ఫీల్డు (సరి గీతలది) ముందు, పాల్ అయినా ఎన్‌టీఎస్‌సీ అయినా. 1080ఐ, అంటే 1080 గీతల ఇంటర్‌లేస్డ్ వీడియో తీసే హెచ్‌డీవీ, ఏవీసీహెచ్‌డీ హ్యాండీక్యామ్‌లలో పై ఫీల్డు (బేసి గీతలది) ముందు. పాల్ డీవీడీలు చాలావరకు పై ఫీల్డు ముందే, కానీ డీవీ నుంచి నేరుగా చేసినవి కిందిదిగా ఉండొచ్చు. క్యాప్చర్ కార్డుతో ఎక్కించినవి కార్డుని బట్టి మారతాయి. ఏమీ తెలియకపోతే చిన్న ముక్క రెండు రకాలుగానూ 50 ఫ్రేములతో చేసి చూడండి. తప్పు వరుసలో కదలిక మొదటి సెకనులోనే తెలిసిపోతుంది, అనుమానానికి తావుండదు.

స్టూడియోవాళ్లు హెచ్‌డీ చేసి ఇచ్చిన ఫైల్లో ఏ ఫిల్టర్ పెట్టినా గీతలు పోవడం లేదు.

మా మేనత్త కూతురి పెళ్లి 2004లో జరిగింది. కొన్నేళ్ల కిందట ఒక స్టూడియోలో ఆ టేపు ఎక్కించి పెద్ద సైజు ఫైలు చేసి ఇచ్చారు. తెరిచి చూస్తే దువ్వెన పళ్లు సన్నగా లేవు. లావుగా, అలల్లా, కొన్నిచోట్ల మసకగా ఒకదానిలోకి ఒకటి పాకి ఉన్నాయి. గీతలు తీయకుండానే 576 ఎత్తు బొమ్మని 1080కి సాగదీశారు. సాగదీసినప్పుడు పక్కపక్క గీతలు కలుస్తాయి. అంటే సరి గీతా బేసి గీతా, రెండు వేర్వేరు క్షణాలు, ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఇక ఏది ఏ ఫీల్డుదో విడదీయలేం. యాడిఫ్, క్యూటీజీఎంసీ రెండూ గీతలు ఒక పిక్సెల్ ఎత్తులో కచ్చితంగా ఉంటాయన్న నమ్మకం మీదే పనిచేస్తాయి.

అత్తయ్య బీరువాలో పట్టుచీరల కింద, కలరా ఉండల వాసనతో అసలు టేపు దొరికింది. డబ్బా మీద బాల్ పెన్నుతో ముహూర్తం – 2 అని రాసుంది. మళ్లీ మొదటినుంచి ఎక్కించాం. జీలకర్ర బెల్లం పెట్టే చేతులు రెండింటా పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే టేపు నుంచి వచ్చాయంటే నమ్మడం కష్టం.

కాబట్టి వరుస ఇది: ముందు డీఇంటర్లేసింగ్, ఆ తర్వాతే సైజు మార్చడం, తిప్పడం, వణుకు తగ్గించడం, రంగులు దిద్దడం. ఎడిటింగ్ టైమ్‌లైన్‌లో బొమ్మని కాస్త పెద్దది చేసినా ఇదే ప్రమాదం. మీ దగ్గర సాగదీసిన ఫైలు మాత్రమే ఉంటే టేపు కోసం ఇల్లంతా వెతకండి. అటక మీద కూడా చూడండి.

ఎర్రచీర అంచు మాత్రం రంపపు పళ్లలా ఉంది, మిగతా బొమ్మ బాగానే ఉంది. ఎందుకు?

పాల్ డీవీలో రంగు వివరాలు వెలుగు వివరాలకన్నా తక్కువ, నిలువునా అడ్డంగా సగం చొప్పున. ప్రతి ఫీల్డుకీ దాని రంగు దానికే ఉంటుంది. డీఇంటర్లేస్ చెయ్యకముందే సాఫ్ట్‌వేర్ రంగుల పద్ధతి మార్చి, అది కూడా ఇంటర్‌లేస్డ్ అని తెలియకుండా మారిస్తే, ఒక ఫీల్డు రంగు ఇంకో ఫీల్డు గీతల్లో పడుతుంది. ఎరుపు మీద ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మన పెళ్లిళ్లలో ఎరుపు ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు: కుంకుమ, పారాణి, చీరలు. మందు ఒక్కటే, రంగు మార్పిడి కూడా డీఇంటర్లేసింగ్ తర్వాతే జరగాలి.

అందరూ కాస్త సన్నగా, పొడుగ్గా కనిపిస్తున్నారు.

డీవీ పిక్సెళ్లు చదరంగా ఉండవు. 720 × 576 బొమ్మని 4:3 టేపుకి 768 × 576గా, 16:9 టేపుకి 1024 × 576గా చేసుకోవాలి. 4:3 వీడియోని తెర నిండాలని పక్కలకి లాగకండి. పక్కన నల్ల పట్టీలు ఉంటే ఉండనివ్వండి, మనుషులు మనుషుల్లా ఉండాలి.

యూట్యూబ్‌లో పెట్టాలంటే?

గీతలు తీశాకే పెట్టండి. యూట్యూబ్ కూడా అదే అడుగుతుంది. ఇంటర్‌లేస్డ్ ఫైలు ఎక్కిస్తే అది తన పద్ధతిలో తీసేస్తుంది, మనకి ఎంపిక ఉండదు. సెకనుకి 50 ఫ్రేములు యూట్యూబ్‌లో 720 గీతలు, ఆపై సైజుల్లోనే నిలుస్తాయి. కాబట్టి 576 ఎత్తు వీడియోని డీఇంటర్లేస్ చేశాక 1440 × 1080కి పెంచి ఎక్కించండి. కొత్త వివరాలేమీ రావు కానీ సాఫీ కదలిక నిలుస్తుంది, కుదింపు కూడా కాస్త దయగా ఉంటుంది.

వాట్సాప్‌లో పంపితే మాత్రం డాక్యుమెంటుగా పంపండి.

డల్లాస్ నుంచి అన్నయ్య పంపిన టేపూ, ఇక్కడ తీసిన టేపూ ఒకే వీడియోలో కలపొచ్చా?

అమెరికా టేపు ఎన్‌టీఎస్‌సీ: 720 × 480, సెకనుకి 29.97 ఫ్రేములు, 59.94 ఫీల్డులు. ముందు అది ఆడాలి. ఇక్కడ కొన్న పాల్ క్యామ్‌కార్డర్లు చాలా వాటిలో ఎన్‌టీఎస్‌సీ టేపు సరిగ్గా తిరగదు. ఆ టేపు తీసిన క్యామ్‌కార్డరే దొరికితే అంతకన్నా మంచిది లేదు.

నేనైతే కలపను. పెళ్లి 50 ఫ్రేములతో ఒక ఫైలు, అక్కడి సీమంతం 59.94 ఫ్రేములతో ఇంకో ఫైలు. కలిపే తీరాలంటే రెండింటినీ విడివిడిగా డీఇంటర్లేస్ చేసి, ఏది ఎక్కువ ఉంటే ఆ రేటులో టైమ్‌లైన్ పెట్టుకుని, రెండోదాన్ని దానికి మార్చండి. డీఇంటర్లేస్ చెయ్యకుండా 50 ఫీల్డుల్ని 60లోకి నెట్టారంటే ఇందాక చెప్పిన సాగదీసిన ఫైలు గతే పడుతుంది.

నాది టేపు కాదు, హార్డ్‌డిస్కు హ్యాండీక్యామ్. ఎంటీఎస్ ఫైళ్లు వస్తాయి. వాటికీ గీతలుంటాయా?

చాలావాటికి ఉంటాయి. ఆ ఎంటీఎస్ ఫైళ్ల పద్ధతైన ఏవీసీహెచ్‌డీని సోనీ, పానసోనిక్ 2006లో తెచ్చాయి, చాలాకాలం అందులో 1080ఐ మామూలు. 2011లో వచ్చిన రెండో రూపంలోనే 1080లో 50పీ, అంటే సెకనుకి 50 పూర్తి ఫ్రేములు, చేరింది. మీ క్యామ్‌కార్డర్ ఇప్పటికీ పనిచేస్తుంటే, మెనూలో 50పీ ఉంటే అదే పెట్టి తీయండి. గొడవే ఉండదు.

ఒక్క మెలిక ఉంది. కొన్ని క్యామ్‌కార్డర్లలో 25 పూర్తి ఫ్రేములు తీసి, వాటినే 50ఐ, అంటే 50 ఫీల్డుల ఇంటర్‌లేస్డ్ డబ్బాలో పెట్టే మోడ్ ఉంటుంది. కెనాన్‌లో దాని పేరు పీఎఫ్25. చీటీ ఇంటర్‌లేస్డ్ అంటుంది, బొమ్మలో పళ్లు కనిపించవు. దానికి డీఇంటర్లేసింగ్ చేస్తే ఉన్న వివరాలు పోగొట్టుకున్నట్టే. అలాగే వదిలేయండి. అమెరికా క్యామ్‌కార్డర్లలో సినిమాలా 24 ఫ్రేములతో తీసినవి ఇంకో రకం. వాటికి డీఇంటర్లేసింగ్ కాదు, 24 ఫ్రేముల్ని 59.94 ఫీల్డుల్లో సర్దిన పుల్‌డౌన్‌ని తీసేసి ఆ 24నే వెనక్కి రాబట్టాలి.

ఏఐతో ఒక్క బటన్‌కే అన్నీ సరిచేస్తామంటున్నారు. నమ్మొచ్చా?

గీతలు తీసే పని కొన్ని బాగానే చేస్తాయి. టోపాజ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఇంటర్‌లేస్డ్ వీడియో కోసమే డయోన్ అనే మోడల్ ఉంది. కానీ సైజు పెంచేటప్పుడు ఏఐ లేని వివరాలు కల్పిస్తుంది. దగ్గరగా తీసిన ముఖాలకి ఫర్వాలేదు. పందిట్లో వెనక వరుసలో నలభై పిక్సెళ్ల ముఖంతో కూర్చున్న అమ్మమ్మకి అది ఎవరివో కళ్లు, ఎవరిదో నోరు పెడుతుంది. ఇప్పుడు లేని మనిషి విషయంలో అది నేను ఒప్పుకోలేను. క్యూటీజీఎంసీతో గీతలు తీసి, సైజు మామూలు పద్ధతిలో పెంచుతాను. మసకగా ఉన్నా ఆమె ఆమెలాగే ఉంటుంది.

టేపు కంప్యూటర్లోకి ఎలా ఎక్కించాలి? యూఎస్‌బీ తీగ సరిపోదా?

సరిపోదు. చాలా మినీడీవీ క్యామ్‌కార్డర్లలో యూఎస్‌బీ ఉన్నది ఫోటోలకీ, వెబ్‌క్యామ్‌గా వాడటానికీ. వీడియో అసలు రూపంలో రావాలంటే ఫైర్‌వైర్ కావాలి. సోనీ దాన్నే ఐలింక్ అంటుంది. క్యామ్‌కార్డర్ వైపు చిన్న నాలుగు పిన్నుల సాకెట్టు, కంప్యూటర్ వైపు ఫైర్‌వైర్ కార్డు. టేపు మీద ఉన్న డిజిటల్ సమాచారం ఉన్నదున్నట్టు దిగుతుంది. పాత విండోస్ కంప్యూటర్, విన్‌డీవీ అనే చిన్న సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు.

పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల తీగతో క్యాప్చర్ చేస్తే డిజిటల్‌ని అనలాగ్ చేసి మళ్లీ డిజిటల్ చేసినట్టు. కొన్ని చవక పరికరాలు గీతల్ని తమకి తోచినట్టు బ్లెండ్ చేసేస్తాయి కూడా. ఫైర్‌వైర్ ఏ దారిలోనూ దొరక్కపోతేనే ఆ తీగ.

గీతలు తీసేశాక అసలు ఫైలు తీసెయ్యొచ్చా?

వద్దు. డీవీ ఫైలు గంటకి దాదాపు 13 జీబీ. పదిగంటల పెళ్లి సామగ్రి 130 జీబీ, ఇప్పుడు ఒక చిన్న హార్డ్‌డిస్కులో మూల. క్యూటీజీఎంసీ కన్నా మంచిది రేపు వస్తే దాన్ని నడిపించాల్సింది అసలు ఫైలు మీదే. రెండు డిస్కుల్లో పెట్టి, రెండోది వేరే ఇంట్లో ఉంచండి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. డీవీ ఫైల్లో ఒక్కో ఫ్రేముతోపాటు తీసిన తేదీ, సమయం కూడా రాసి ఉంటాయి, క్యామ్‌కార్డర్లో గడియారం సరిగ్గా పెట్టి ఉంటే. మార్చిన ఎంపీ4లో అవి ఉండవు. మా ముహూర్తం టేపులో మంగళసూత్రం కట్టిన నిమిషం కనిపించింది. శుభలేఖ తీసి పోల్చి చూసుకున్నాం.

వీడియోలోంచి ఒక ఫోటో తీసి ఫ్రేము కట్టించాలి. ఎలా?

అసలు ఫైలు నుంచి స్క్రీన్‌షాట్ తీస్తే పళ్లతో సహా వస్తుంది. క్యూటీజీఎంసీ చేసిన 50 ఫ్రేముల ఫైలు తెరిచి, ఒక్కో ఫ్రేమూ జరుపుతూ, ఫోటోలోని మనిషి కళ్లు తెరిచి, తల కదలకుండా ఉన్న క్షణం వెతకండి. సెకనుకి 50 ఉన్నాయి కాబట్టి 25లో దొరకనిది ఇక్కడ దొరుకుతుంది. పీఎన్‌జీగా దాచి, 768 × 576 అయిందో లేదో చూసుకుని అప్పుడు ప్రింటుకి ఇవ్వండి. పోస్టుకార్డు సైజు దాటితే ముఖం విడిపోతుంది, గోడకి పెద్ద పటం కావాలంటే ఆల్బమ్ ఫోటోనే వెతకాలి.